బల్ల ఎవరిది? ఇంగ్లండు, వేల్స్ చర్చిల సీట్ల చరిత్ర మనల్ని అడిగే ప్రశ్న

 

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. పోయిన ఆదివారం ఆరాధనలో మనం ఎక్కడ కూర్చున్నాం? అంతకు ముందు ఆదివారం ఎక్కడ కూర్చున్నాం? చాలామందికి జవాబు ఒకటే. ఎడమ పక్క మూడో బల్ల, ఫ్యాను కింద. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి ఆ చోట కూర్చుంటే పైకి ఏమీ అనం. కానీ మొదటి పాట అయ్యేదాకా మన మనసు పాట మీద ఉండదు, ఆ బల్ల మీదే ఉంటుంది.

ఇది ఈనాటి జబ్బు కాదు. యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో ముందుగా ఎత్తుకున్నది ఇదే. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలతో వచ్చిన పేదవాణ్ణి నిలబడమనో, కాళ్ళ దగ్గర కూర్చోమనో అంటే అది ఎంత తప్పో ఆయన నిక్కచ్చిగా రాశాడు. సంఘం పుట్టిన మొదటి తరంలోనే సీట్ల తగాదా వచ్చిందన్నమాట.

ఈ వాక్యాన్ని చేతిలో పెట్టుకుని కూడా ఒక దేశపు సంఘం కొన్ని వందల ఏళ్ళపాటు ఏం చేసిందో ఈ రోజు చెప్పుకుందాం. ఆ దేశం ఇంగ్లండు, దాని పక్కనే వేల్స్. వాళ్ళ ముచ్చట మనకెందుకు అనొచ్చు. మన మందిరాల్లో బల్లలు వరసగా వేసే పద్ధతి, పుల్పిట్ ఎత్తుగా కట్టే పద్ధతి మనలో చాలామందికి ఆ దేశపు మిషనరీల ద్వారా వచ్చినవే. సి.ఎం.ఎస్. మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం వచ్చింది 1841లో. సరిగ్గా అదే ఏడు ఇంగ్లండులో జాన్ మేసన్ నీల్ అనే యువకుడు చర్చి బల్లల చరిత్ర మీద ఒక ప్రసంగం చదివాడు. ఆ బల్లలు తీసెయ్యాలన్నదే దాని సారాంశం. నీల్ దగ్గరికి మళ్ళీ వద్దాం. ముందు వెనక్కి వెళ్దాం.

అక్కడ పారిష్ అంటే ఒక ఊరో, కొన్ని ఊళ్ళో కలిసిన ప్రాంతం. ఆ హద్దుల్లో పుట్టిన ప్రతి మనిషికీ ఆ చర్చే చర్చి. బాప్తిస్మం అక్కడే, పెళ్ళి అక్కడే, సమాధి అక్కడే. పొలం పంటలో దశమభాగం దానికే. ఆరేడు వందల ఏళ్ళ కిందట అలాంటి చర్చిలోకి అడుగుపెడితే మనకు బల్లలు పెద్దగా కనబడేవి కావు. జనం నిలబడేవారు, మోకరించేవారు, నేల మీద పరిచిన గడ్డి మీద కూర్చునేవారు. గోడల వెంబడి, స్తంభాల మొదళ్ళ చుట్టూ రాతి అరుగులు ఉండేవి. ముసలివాళ్ళు, జబ్బుమనుషులు వాటి మీద చేరగిలబడేవారు. అంటే మొదట్లో కూర్చునే చోటు బలహీనుల కోసం ఉండేది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి.

కొన్నాళ్ళకు అక్కడక్కడా చెక్క సీట్లు వచ్చాయి. సీట్లతో పాటు తగాదాలూ వచ్చాయి. 1287లో ఎక్సెటర్ బిషప్ పీటర్ క్వినెల్ తన పరిధిలోని పాదిరులను సమావేశపరిచి కొన్ని నియమాలు చేశాడు. అందులో ఒకటి సీట్ల గురించి. ఒకే చోటు నాదంటే నాదని ఇద్దరు ముగ్గురు కొట్లాడుకుంటున్నారనీ, దానివల్ల ఆరాధనే ఆగిపోతోందనీ ఫిర్యాదులు వచ్చాయి. ఇక మీదట ఎవరూ ఏ సీటునూ సొంతమనకూడదు, ప్రార్థనకు ముందు వచ్చినవాళ్ళు తమకు నచ్చిన చోట కూర్చోవచ్చు అని తీర్మానించారు. ఎంత మంచి నియమం! కానీ దానికి చిన్న మినహాయింపు తగిలించారు. గొప్ప వంశాల వాళ్ళకూ, చర్చి పోషకులకూ ఇది వర్తించదు. తరవాతి ఆరు వందల ఏళ్ళ కథంతా ఆ మినహాయింపులోంచి పుట్టిందే.

పద్నాలుగు, పదిహేను శతాబ్దాల్లో బల్లలు బాగా పెరిగాయి. డెవన్, కార్న్‌వాల్, సోమర్సెట్ ప్రాంతాల్లో ఆ కాలపు ఓకు బల్లలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి చివరి పలకల మీద చెక్కడాలు చూడముచ్చటగా ఉంటాయి. కార్న్‌వాల్‌లోని జెన్నర్ చర్చిలో చేతిలో దువ్వెన, అద్దం పట్టుకున్న మత్స్యకన్య ఉంది. సోమర్సెట్‌లోని బ్రెంట్ నోల్‌లో మఠాధిపతి దుస్తులు వేసుకున్న నక్క ఉంది. మత పెద్దల మీద వడ్రంగి విసిరిన వ్యంగ్యం అది. అదే జిల్లాలో స్పాక్స్‌టన్ అనే ఊళ్ళో ఉన్ని బట్ట పనివాడు తన పనిముట్ల మధ్య నిలబడి ఉంటాడు. మన మగ్గం పనివాణ్ణి మందిరం బల్ల మీద చెక్కినట్టు ఊహించుకోండి. ఊరివాళ్ళ చేతిపని, ఊరివాళ్ళ హాస్యం, ఊరివాళ్ళ బతుకు ఆ బల్లల మీదికి ఎక్కాయి. చాలా చోట్ల ఆడవాళ్ళు ఉత్తరం వైపు, మగవాళ్ళు దక్షిణం వైపు కూర్చునేవారు. మన పల్లె సంఘాలు చూసినవాళ్ళకు ఇది వింతగా అనిపించదు.

పదహారో శతాబ్దంలో సంస్కరణ వచ్చింది. ఆరాధనలో ప్రసంగానికి పెద్దపీట వేశారు. ప్రసంగం గంట సాగితే నిలబడి వినడం కష్టం. కాబట్టి అందరికీ కూర్చునే చోటు కావాల్సి వచ్చింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. వాక్యం వినడం కోసమే బల్లలు. కానీ చోటు పరిమితం, మనుషులు ఎక్కువ, ఊళ్ళో అంతస్తులు బోలెడు. ఎవరు ముందు, ఎవరు వెనక?

చట్టం ఒక మాట చెప్పేది. పారిష్ చర్చిలో సీట్లు పారిష్ ప్రజలందరివీ. బిషప్ తరఫున చర్చి వార్డెన్లు వాటిని సర్దాలి. ఏ ఒక్కరూ వాటిని అమ్మడానికి, కొనడానికి వీల్లేదు. అయితే ఆ సర్దుబాటు మనుషుల హోదాను బట్టి జరగాలని కూడా అదే చట్టం చెప్పేది. బిషప్ కోర్టు నుంచి ఫ్యాకల్టీ అనే అనుమతి పత్రం తెచ్చుకుంటే ఒక కుటుంబం బల్లను తనదిగా చేసుకోవచ్చు. ఫలానా ఇంటికి ఫలానా బల్ల అని తరతరాల వాడుక చూపించినా చెల్లుతుంది. పేదవాడి హక్కు చట్టంలో ఉంది, డబ్బున్నవాడి హక్కు వాడుకలో ఉంది. ఆదివారం నాడు ఎప్పుడూ వాడుకే గెలిచేది.

మెల్లగా బల్లల చుట్టూ చెక్క గోడలు లేచాయి. గోడకు తలుపు, తలుపుకు గడియ, కొన్నిటికి తాళం. లోపల మెత్తలు, చుట్టూ తెరలు. వీటిని బాక్స్ ప్యూలు అంటారు. మన మాటలో గది బల్లలు అనుకుందాం. చలిదేశం కాబట్టి గోడలు చలిగాలిని ఆపేవి, అది నిజం. పక్కవాళ్ళను కూడా ఆపేవి, అదీ నిజమే. 1630లలో నార్విచ్ బిషప్‌గా ఉన్న రిచర్డ్ కార్బెట్ ఈ తెరలు కట్టిన బల్లలను చూసి, ఇక వీటిలో పరుపులు వెయ్యడమే తరవాయి అని ఎద్దేవా చేశాడు. ఎద్దేవా వల్ల ఒక్క తలుపూ ఊడలేదు. తరవాత నూట యాభై ఏళ్ళలో అవి ఇంకా పెరిగాయి.

ఈ వ్యవస్థ లోపలి నుంచి ఎలా ఉండేదో చెప్పడానికి మనకు గొప్ప సాక్షి ఒకాయన ఉన్నాడు. పేరు రిచర్డ్ గఫ్. ష్రాప్‌షైర్‌లోని మిడిల్ పారిష్‌లో రైతు. 1700 తరవాత, ముసలితనంలో, తన ఊరి చరిత్ర రాద్దామని కూర్చున్నాడు. రాజులతో మొదలుపెట్టలేదు. చర్చి బల్లల పటం గీశాడు. ఒక్కొక్క బల్ల దగ్గర ఆగి, ఈ బల్ల ఏ ఇంటిది, ఆ ఇంట్లో ఎవరుండేవారు, ఎవరు బాగుపడ్డారు, ఎవరు తాగుడుతో చెడ్డారు, ఎవరి పిల్లలు ఏమయ్యారు అని చెప్పుకుంటూ పోయాడు. ముందు వరసల్లో భూస్వాములు, వెనక మోతుబరులు, ఆ తరవాత చిన్న రైతులు, చివరికి గుడిసెల వాళ్ళు. బల్లల వరస చదివితే ఊరు మొత్తం చదివినట్టే. మన ఊరి వీధుల పేర్లు చెబితే ఎవరెక్కడుంటారో తెలిసిపోయినట్టు, అక్కడ బల్ల చెబితే మనిషి తెలిసిపోయేవాడు.

గఫ్ ఒక పంచాయితీ గురించి కూడా రాశాడు. చర్చికి పన్ను కట్టని కుర్రాళ్ళు, చిల్లర మనుషులు ఊరి పెద్దమనుషుల కంటే ముందు కూర్చోవడం మర్యాద కాదని అక్కడ వాదన వచ్చింది. ఈ మాట మనం వినలేదా? కానుక ఎక్కువ ఇచ్చినవాళ్ళను వెనక ఎలా కూర్చోబెడతాం అని మన సంఘాల్లో ఎవరూ అనలేదా? మూడు వందల ఏళ్ళ తేడా ఉంది, ఏడు సముద్రాల దూరం ఉంది. మాట మాత్రం ఒకటే.

ఇంకో ఊరికి వెళ్దాం. యార్క్‌షైర్ తీరంలో విట్బీ. 199 మెట్లు ఎక్కితే కొండ అంచున సెయింట్ మేరీ చర్చి వస్తుంది. గది బల్లలు, గ్యాలరీలు ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉన్న కొద్ది చర్చిల్లో అదొకటి. ప్రభురాత్రి భోజనపు బల్ల ఉండే భాగానికి దారితీసే కమాను ముందు, మెలితిరిగిన స్తంభాల మీద, ఒక వసారాలాంటిది ఎత్తుగా కట్టి ఉంటుంది. అది చమ్లీ కుటుంబం సీటు. ఆ ఊరి భూములు వాళ్ళవి. సంఘమంతా ప్రభువు బల్ల వైపు తల ఎత్తితే ముందు కనబడేది దొరగారి కుటుంబం. డర్హమ్ సరిహద్దులో క్రాఫ్ట్ ఆన్ టీస్ అనే ఊళ్ళో మిల్‌బ్యాంక్ కుటుంబం సీటు కూడా ఇలాగే మేడ మీద మేడలా ఉంటుంది. ఎక్కడానికి దానికి ప్రత్యేకంగా మెట్లు. ఇలాంటి సీట్లలో కొన్నిటికి చలి కాచుకునే పొయ్యి కూడా ఉండేది.

విట్బీలోనే ఇంకొకటి ఉంది. కొన్ని బల్లల మీద, ఇవి బయటి ఊరివాళ్ళకు మాత్రమే అని అర్థం వచ్చే మాటలు రాసి ఉంటాయి. అది ఓడరేవు పట్టణం. వచ్చేపోయే వాళ్ళకు చోటు దొరకాలని రాసి ఉంటారు. అందులో మంచితనం ఉంది. కానీ ఆ మాట మనం చదివితే ఇంకోలా వినిపిస్తుంది. బెంగళూరులో, చెన్నైలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో మూడు నాలుగు తరాలుగా ఉంటున్నా ఇంకా మీరు ఎక్కడివాళ్ళు అని అడిగించుకునే వాళ్ళం మనం. చోటు ఇచ్చి, ఆ చోటు మీద మీరు బయటివాళ్ళు అని రాస్తే ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వేల్స్. ఉత్తర వేల్స్‌లో క్రికియెత్ పట్టణానికి దగ్గర ఇనిస్‌కన్‌హైర్న్ అనే చోట పొలాల మధ్య ఒంటరిగా ఒక చిన్న పాత చర్చి ఉంది. 1832లో దాని లోపలి భాగాన్ని మళ్ళీ అమర్చారు. పుల్పిట్‌కు దగ్గరగా తలుపులున్న గది బల్లలు, వాటి మీద కుటుంబాల పేర్లు. వెనక మామూలు బెంచీలు. పేరున్నవాళ్ళు ఎవరు, పేరులేనివాళ్ళు ఎవరు అన్నది చెక్క మీదే తెలిసిపోతుంది.

ఆ చర్చి ఆవరణలో ఒక సమాధి ఉంది. జాన్ ఇస్తుమ్లిన్ అనే మనిషిది. చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు ఆయన్ని ఎక్కడి నుంచో తెచ్చి ఆ ప్రాంతపు జమీందారు ఇంట్లో పెట్టారు. ఆఫ్రికా మూలాలవాడు. ఇంగ్లీషు నేర్చుకున్నాడు, వెల్ష్ నేర్చుకున్నాడు, తోటమాలి అయ్యాడు, మార్గరెట్ గ్రుఫిద్ అనే ఆ ఊరి అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. 1786లో చనిపోయాడు. లోపల బల్లల మీద ఊరి కుటుంబాల పేర్లున్నాయి. బయట రాయి మీద ఈయన పేరుంది. ఈ రోజు దూరం నుంచి ఆ చర్చికి వెళ్ళేవాళ్ళలో చాలామంది వెతికేది ఆ రాయినే.

వేల్స్‌లో అప్పటికే పెద్ద మార్పు జరుగుతోంది. జనం పారిష్ చర్చిలు వదిలి మెథడిస్టు, బాప్టిస్టు, ఇండిపెండెంట్ చాపెళ్ళకు వెళ్ళిపోతున్నారు. తమ భాషలో వాక్యం, తమ గొంతులో పాట అక్కడ దొరికాయి. చాపెల్లో దొరగారి మేడ సీటు లేదు. ఇది గొప్ప విడుదలే. అయితే నిజం పూర్తిగా చెప్పుకోవాలి. ఆ చాపెళ్ళు కూడా సీట్లకు అద్దె వసూలు చేసేవి. ప్రభుత్వం నుంచి పైసా రాదు, దశమభాగం పన్ను రాదు, పాస్టరు బతకాలి, కట్టడం అప్పు తీరాలి. వంశాన్ని బట్టి ఇచ్చే సీటు పోయింది, డబ్బును బట్టి ఇచ్చే సీటు వచ్చింది.

అద్దె అనే మాట వచ్చింది కాబట్టి పట్టణాల సంగతి చూద్దాం. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో మిల్లులు లేచాయి. పల్లెల నుంచి కూలీలు లక్షల మంది పట్టణాలు చేరారు. వాళ్ళకు చర్చిల్లో చోటు లేదు. 1818లో పార్లమెంటు కొత్త చర్చిలు కట్టడానికి పది లక్షల పౌండ్లు ఇచ్చింది. 1824లో ఇంకో ఐదు లక్షలు. ఆ చట్టం ప్రకారం కొత్త చర్చిల్లో సీట్లకు అద్దె తీసుకోవచ్చు. పాదిరి జీతం అందులోంచే రావాలి. పేదల కోసం మాత్రం కనీసం ఐదో వంతు సీట్లు ఉచితంగా ఉంచాలి.

ఐదో వంతు! పట్టణంలో ఐదింట నాలుగు వంతులు పేదలే అయిన చోట, పేదలకు ఐదో వంతు. ఆ ఉచిత సీట్లు ఎక్కడ ఉండేవి? నడవాలో వీపు ఆనుకోడానికి లేని బెంచీలు, గ్యాలరీ చివర, తలుపు దగ్గర గాలి కొట్టే చోట. కొన్ని బల్లల మీద ఉచితం అని పెద్ద అక్షరాలతో రాసేవారు. ఇప్పటికీ కొన్ని పాత చర్చిల్లో ఆ రాత కనబడుతుంది. అక్కడ కూర్చుంటే ఊరందరి ముందూ నేను పేదవాణ్ణి అని చెప్పుకున్నట్టే. మంచి బట్టలు లేని తల్లి, పిల్లల్ని వెంటబెట్టుకుని, ఆ రాత ఉన్న బల్ల మీదికి నడిచి వెళ్ళాలి. రెండు వైపులా గది బల్లల్లో తలలు తిరుగుతాయి. ఎన్ని ఆదివారాలు వెళ్తుంది ఆమె?

దీనికి లెక్క కూడా ఉంది. 1851 మార్చి 30న, ఆదివారం, ఇంగ్లండు, వేల్స్ అంతటా ప్రతి ఆరాధన స్థలంలో ఎంతమంది ఉన్నారో ప్రభుత్వం లెక్క తీసింది. అడిగిన ప్రశ్నల్లో ఉచిత సీట్లు ఎన్ని, మిగతావి ఎన్ని అన్నదీ ఉంది. ఆ నివేదిక రాసిన హోరేస్ మాన్ తేల్చింది ఏమిటంటే, రాగలిగి ఉండి కూడా ఆ రోజు ఎక్కడికీ రానివాళ్ళు 52 లక్షలకు పైనే. జనాభా అప్పటికి కోటీ 80 లక్షల లోపు. రానివాళ్ళలో ఎక్కువమంది కష్టజీవులు. ఎందుకు రాలేదో చెబుతూ ఆయన ముందు వరసలో పెట్టిన కారణం ఇదే. దేవుని ఇంట్లో కూడా తమను వేరే తరగతిగా విడదీసి కూర్చోబెట్టడం శ్రమజీవులకు అవమానంగా తోచింది.

చూడండి, ఎవరూ వాళ్ళను గెంటలేదు. రావద్దని బోర్డు పెట్టలేదు. వాళ్ళ కోసం ప్రత్యేకంగా సీట్లు కూడా ఉంచారు. ఆ ప్రత్యేకమే వాళ్ళను దూరం చేసింది. ఈ చరిత్రలో మనం మోసుకుపోవాల్సిన మొదటి పాఠం అది. పేదవాడికి వేరే చోటు కేటాయించడం సమానత్వం కాదు. పక్కకు జరిగి మన బల్ల మీదే చోటివ్వడం సమానత్వం.

ఇప్పుడు నీల్ దగ్గరికి వద్దాం. 1839లో కేంబ్రిడ్జి విద్యార్థులు జాన్ మేసన్ నీల్, బెంజమిన్ వెబ్ మొదలైనవాళ్ళు కేంబ్రిడ్జి క్యామ్‌డెన్ సొసైటీ అని ఒక సంఘం పెట్టారు. అప్పటికి వాళ్ళకు ఇరవై ఏళ్ళు. యువకులారా, ఇది మీ వయసువాళ్ళ పని. చర్చి కట్టడాలను మధ్యయుగపు తీరులో బాగుచెయ్యాలన్నది వాళ్ళ పట్టుదల. గది బల్లలు పోవాలని వాళ్ళు కరపత్రాలు వేశారు. ఎందుకు పోవాలో పాతిక దాకా కారణాలు వరసగా అచ్చువేసి పంచారు. వాళ్ళకు గోథిక్ అందం మీద మోజు ఉంది, అది దాచక్కర్లేదు. కానీ అందంతో పాటు ఒక న్యాయం కూడా పట్టుకున్నారు. పారిష్ చర్చి పారిష్ అందరిదీ, అందులో ప్రైవేటు గది ఏమిటి అన్నారు.

అయితే కరపత్రాలతో బల్లలు కదలలేదు. కదలకపోవడానికి కారణం అహంకారం ఒక్కటే కాదు, డబ్బు. సీటు అద్దె పోతే పాదిరి జీతం ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే తలుపులు ఊడటం మొదలైంది. 1818లోనే ఏర్పడిన చర్చి నిర్మాణ సంఘం ఒకటి, కట్టడాలకు సాయం చేస్తూ, అందుకు బదులుగా ఇన్ని సీట్లు శాశ్వతంగా అందరికీ ఉచితం అని ఒప్పించుకునేది. ఆ మాట రాసిన పలకలు ఇప్పటికీ ఎన్నో చర్చిల గోడల మీద వేలాడుతున్నాయి. తరవాత 1860లలో చర్చిలన్నీ ఉచితంగా, అందరికీ తెరిచి ఉండాలనే ఉద్యమం లండన్, మాంచెస్టర్ లాంటి పట్టణాల్లో ఊపందుకుంది. వాళ్ళ ఉపాయం చాలా మామూలుది. అద్దె మానేద్దాం, ప్రతి ఆదివారం కానుక పడదాం. ఎవరు ఎంత వేశారో ఎవరికీ తెలియదు, ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు.

మనం ప్రతి వారం చేతులు మార్చుకునే కానుక సంచీ ఇంత చిన్న వస్తువు. ఆ దేశంలో బల్లల తలుపులు తీయించడంలో దానికి పెద్ద వాటా ఉంది. రెండో పాఠం ఇక్కడుంది. అన్యాయం అలవాటు మీద మాత్రమే నిలబడదు, ఆదాయం మీద నిలబడుతుంది. సంఘానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మార్చకుండా, మనసు మార్చుకోండి అని ప్రసంగాలు చేస్తే సరిపోదు. ఇంత జరిగినా సీటు అద్దెలు ఒక్కసారిగా పోలేదు. కొన్ని చోట్ల ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా సాగాయి.

ఇప్పుడు ఈ చరిత్ర మన నేల మీద అడుగుపెట్టిన చోటు చెప్పాలి. డేనియల్ విల్సన్ అనే పాదిరి 1824 నుంచి లండన్‌లోని ఇస్లింగ్టన్ పారిష్‌లో వికార్. ఆయన హయాంలో అక్కడ మూడు కొత్త చర్చిలు లేచాయి. మనం చెప్పుకున్న 1818 చట్టం కింద ఏర్పడిన కమిషన్ సాయంతోనే. ఆ చట్టంలో అద్దె సీట్లకూ చోటుంది, ఉచిత సీట్లకూ చోటుంది. 1832లో ఆయన కలకత్తా బిషప్ అయ్యాడు. అప్పుడు మద్రాసు ప్రాంతం కూడా ఆయన కిందే ఉండేది. ఇక్కడ వేపేరిలో, తంజావూరులో, తిరుచిరాపల్లిలో ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఆయనకు కనబడింది ఇంకో రకం సీట్ల ఏర్పాటు. కులం ఉన్నవాళ్ళు ఒక వైపు, దళిత విశ్వాసులు ఇంకో వైపు. ప్రభురాత్రి భోజనంలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదీ కులాన్ని బట్టే.

1833లో విల్సన్ ఒక ఉత్తరం రాశాడు. సంఘంలో కుల భేదం ఇక ఉండకూడదని, ఇందులో వాయిదా లేదని తేల్చేశాడు. ఆ ఉత్తరం మందిరాల్లో చదివినప్పుడు చాలామంది కులం ఉన్న క్రైస్తవులు సంఘం వదిలి వెళ్ళిపోయారు. తంజావూరులో ఆ చీలిక ఏళ్ళ తరబడి మానలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు.

ఇందులో రెండు సంగతులు కలిపి చూడాలి. ఆ ఉత్తరం అవసరమైన ఉత్తరం, మన పెద్దల పక్షాన నిలబడ్డ ఉత్తరం. అదే సమయంలో, అది వచ్చిన దేశంలో బల్లల తలుపులు ఇంకా మూసే ఉన్నాయి. ఎదుటివాడి కంట్లో నలుసు చూసినప్పుడు మన కంట్లో దూలం సంగతి ప్రభువు చెప్పింది ఇందుకే. కానీ నలుసు నలుసు కాకుండా పోదు. పైగా ఇక్కడిది నలుసు కాదు. ఇంగ్లండులో అద్దె కట్టగలిగిన కూలి కొడుకు రేపు ముందు బల్లలో కూర్చోగలడు. కులం అలా కాదు. ఎంత డబ్బు కట్టినా ఆ బల్ల మారదు. కాబట్టి రెండూ ఒకటే అని మేము చెప్పడం లేదు. రెండింటినీ దేవుని ఇంట్లోకి రానిచ్చిన మనసు మాత్రం ఒకటే.

చివరికి మన దగ్గరికి వద్దాం. మన మందిరాల్లో గది బల్లలు లేవు. చాలా చోట్ల చాపలు, కార్పెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు. కానీ ప్రతిష్ఠ రోజున ముందు వరసలో సోఫాలు ఎవరికి వేస్తున్నాం? బెంచీ వీపు మీద, ఫ్యాను రెక్క మీద దాత పేరు రాయించినప్పుడు, ఆ బెంచీ మీద కూర్చునే పేద విధవరాలు ఏం చదువుకుంటుంది? మందిరం ఊడ్చే అక్క ఆరాధన వేళకు ఎక్కడ కూర్చుంటుంది? చక్రాల కుర్చీలో వచ్చే తమ్ముడికి మెట్లు లేని దారి ఉందా? కొత్త ఊరి నుంచి పనికి వచ్చిన తెలుగు కుటుంబం మొదటి ఆదివారం వచ్చినప్పుడు ఎవరు పక్కకు జరుగుతున్నారు?

ఇంగ్లండులో ఇప్పుడు ఇంకో తమాషా నడుస్తోంది. గది బల్లలు తీసి వంద, నూట యాభై ఏళ్ళ కిందట అందరి కోసం వేసిన బెంచీలనే ఇప్పుడు తీసెయ్యాలా, ఉంచాలా అని వాదన. కుర్చీలు వేస్తే వారమంతా చోటు ఊరికి ఉపయోగపడుతుందని కొందరు, పాత చెక్కపని పాడు చెయ్యొద్దని కొందరు. ఏ బల్ల కూడా దానంతట అది న్యాయమైంది కాదు, అన్యాయమైందీ కాదు. దాని మీద ఎవరిని కూర్చోబెడుతున్నామన్నదే ప్రశ్న.

అందుకే వచ్చే ఆదివారానికి ఒక చిన్న పని పెట్టుకుందాం. గఫ్ గారిలాగా మన మందిరం పటం ఒకటి గీద్దాం. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో గుర్తులు పెడదాం. దాన్ని సంఘపెద్దల ముందు ప్రేమతో పెడదాం. తరవాత మనమే లేచి, ఇంతవరకు ఎప్పుడూ కూర్చోని చోట, ఇంతవరకు ఎప్పుడూ మాట్లాడని మనిషి పక్కన కూర్చుందాం.

మొట్టమొదట కూర్చునే చోటు గోడ పక్కన, బలహీనుల కోసం ఉండేదని చెప్పుకున్నాం. ఆ రాతి అరుగు దగ్గరికి మనం తిరిగి వెళ్ళాలి. అందుకు ప్రభువు మనకు సాయం చేయును గాక.